తిరిగి అప్పగించుటకే

ఇంగ్లాండులో మే మున్న పట్టణమున, మాట రాని తొమ్మిదేండ్ల బాలుడొకడు నెలకొక వారాంతమున మా యింటికి వచ్చి రెండు రాత్రులుండి పోవుచుండును. వాడనాథుడు కాడు, తల్లిదండ్రులు వానిని విడిచినవారును కారు. మూర్ఛలతో బాధపడుచు, రాత్రులందు తాను మేల్కొని ఇంటివారినెల్ల మేల్కొలుపు బిడ్డను ఏండ్ల తరబడి సాకి సాకి డస్సియున్న ఆ దంపతులకు, ఆ బడలిక నైరాశ్యముగా పరిణమింపక మునుపే ఒకింత ఊపిరి తీసికొను వ్యవధి కల్పించుటకై, స్థానిక కౌన్సిలువారు మావంటి కుటుంబములను విచారించి, శిక్షణ మొసగి, ఈ కార్యమున నియోగింతురు. ఇచ్చట దీనిని షార్ట్ బ్రేక్ ఫాస్టరింగ్ అందురు.

1989 నాటి బాలల చట్టము ననుసరించి తలిదండ్రుల సమ్మతితో జరుగు ఈ యేర్పాటువలన వారి యధికారమునకు లవలేశమైనను లోపము రాదు. తలచిన క్షణమున బిడ్డను తీసికొనిపోవచ్చును. ఒక్క తడవకు 17 దినములును, ఏడాదికి మొత్తము 75 దినములును మించినచో అది స్వల్ప విరామ మనిపించుకొనదని 2010 నాటి నిబంధనలు హద్దు గీసినవి. విరామము ఎడబాటు కారాదను వివేకము ఆ యంకెలలో నాకు గోచరించును.

వాడు మా యింటికి అలవాటుపడినది మెల్లమెల్లగా: మొదట తల్లితో కూడ వచ్చి తేనీటి వేళకు కూర్చుండుట, పిమ్మట ఒక పూట, ఆ పిమ్మటనే రాత్రి. ఆమె యొక నోటు పుస్తకము తెచ్చి యిచ్చినది. అందలి సూచనలివి: అన్నము మెత్తగా మెదిపి, చెంచా ఎడమవైపునుండి అందించి, మ్రింగినాడని రూఢియైన పిదపనే రెండవ చెంచా పెట్టవలెను. కుళాయి చప్పుడునకు బెదరును గనుక, తొట్టిలో నీరు నింపి, కుళాయి కట్టివేసిన తరువాతనే వానిని స్నానమునకు తీసికొనిపోవలెను. ఇంట వాడు తల పెట్టుకొను దిండుగలీబును తల్లి ఉదుకకయే పంపును. ఆ వాసన లేనిదే వానికి కునుకు రాదు. మూర్ఛ వచ్చినచో ముందు గడియారము చూడవలెను. 5 నిమిషములు దాటినయెడల చిగురునకును చెంపకును నడుమ వేయవలసిన మందును గూర్చి నర్సు మాచేత పలుమార్లు అభ్యాసము చేయించినది.

అయినను ఇందలి అసలు నేర్పు మందులలో లేదు. ఒకనాటి రాత్రి వాడు మా యింట తెల్లవారువరకు గాఢముగా నిద్రించెను. ఆ వార్త తల్లికెట్లు చెప్పవలెను? “మా యింట కన్ను మూయని బిడ్డ పరాయి యింట నిద్రించెనా!” యని ఆ మాత కుములునేమో! దీప మార్పిన వేళ, మెలకువ వచ్చిన వేళ, ఆ పగలు పార్కులో చాలసేపు నడచిన సంగతి పుస్తకమున వ్రాసి యూరకుంటిని. మా గొప్పయనిపించు మాట యొక్కటియు చేర్చలేదు. తల్లికంటె మంచి తల్లి యనిపించుకొనవలెనను ఆశ యేమూల నున్నను ఈ పనికి పూనుకొనరాదు. బిడ్డను తన యింటి యలవాటులతో, తన తల్లియందలి మక్కువతో చెక్కుచెదరక తిరిగి అప్పగించుటయే మా వృత్తి.

ఆ రెండు దినములు ఏమి చేసితిరని యెవరైన అడిగినచో ఆ తల్లి సిగ్గుపడుచు, “నిద్రపోయినామండీ, అంతే!” అనును. వాని చెల్లెలిని ఈతకు తీసికొనిపోయినామని ఒక్కొక్కప్పుడు చేర్చును. అన్న వ్యాధి నీడన పెరుగుచున్న ఆ చిన్నదానికి తలిదండ్రులిద్దరును పూర్తిగా దక్కు పూట లవియే. ఈ నిద్రకు సంజాయిషీ అవసరమా? కుటుంబము కూలిన పిదప బిడ్డను తరలించుటకంటె, కూలకముందే నెలకు రెండు రాత్రులు నిద్ర నిచ్చుట ధర్మమనియు, దానిని బతిమాలి పొందవలసిన దుర్గతి యే తల్లికిని పట్టరాదనియు నా దృఢ విశ్వాసము.

మన దేశమున వికలాంగుల సంక్షేమమునకై 1999 నాటి చట్టముచే నేర్పడిన నేషనల్ ట్రస్టువారి ‘సమర్థ్’ పథకము ఇట్టి విరామము నుద్దేశించి వెలసినదే. కాని అందు బిడ్డ యుండవలసినది వసతిగృహమున. అమ్మమ్మలు, పిన్నులు దూరమైన హైదరాబాదు, విశాఖపట్టణముల అపార్టుమెంట్లలో ఇట్టి బిడ్డలను సాకుచున్న తల్లులకు పొరుగు వీధిలోనే శిక్షణ పొందిన కుటుంబ మొకటి తోడుండవలెను. ఆ కుటుంబములను వెదకి సిద్ధపరచు పనిని మన జిల్లాల బాలల సంరక్షణాధికారులు చేపట్టవలెను.