నేలయు నరుడును

దేశముయొక్క కొండలును సముద్రములును ప్రజల నడవడిని నిర్ణయించునని కొందరు పండితుల మతము. పర్వతములు గ్రీసును ముక్కలు చేయుటచే నగరరాజ్యములు పుట్టెననియు, కడలి చుట్టుముట్టుటచే జపాను ఏకాంతముగా పెరిగెననియు వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని అది సగమే. ఒకే గ్రీసులో ఏథెన్సు ఒక దారిని, స్పార్టా వేరొక దారిని నడచెను. జపాను పాలకులు 200 ఏండ్లకు పైగా వాకిళ్లు మూసిన కాలమున కడలి కోటగోడ. 1868 తరువాత అదియే రాజమార్గము. కడలి మారలేదు, పాలకుల తలపు మారినది.

మన బాసరనే చూడుడు. ఇచ్చట గోదావరి పల్లమున పారును, పొలములు మెరకన నుండును. అందుచేతనే మన పూర్వులు చెరువులను నమ్ముకొనిరి. డెల్టాలో నేల సమతలము. 1852 నాటికే ధవళేశ్వరము ఆనకట్ట ముగిసినది. బాసరకు దిగువను పోచంపాడు ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది 1963లో. నేల కష్టము నిజమే. కాని 1931లో మంజీరపై నిజాంసాగరము నిలిచినపుడే, ఈ నేల మానవయత్నమునకు లొంగదను మాట అబద్ధమైనది. 111 ఏండ్ల జాగునకు నేలనొక్కదానినే దోషిగా నిలుపుట న్యాయమా?

చదువునకును ఇదియే న్యాయము. బాసర సరస్వతి సన్నిధిని అక్షరాభ్యాసము చేసి ఇల్లు చేరిన బాలిక చేత పలక నిలుచునో, చీపురు వచ్చునో నిర్ణయించునది నది కాదు, తల్లిదండ్రులే.