కదలని చోటు

మొన్న ఒక మిత్రుడు ఫోన్ చేసి, "గోడకు బీట పడిందిరా, నీ యంత్రం పట్టుకొచ్చి ఓసారి చూసిపో" అన్నాడు. ఓసారి చూస్తే తేలే వ్యవహారమైతే మా సర్వేయర్లకు ఇంత పనెందుకు? ఇవాళ కొలవాలి, మూడు నెలలాగి మళ్లీ కొలవాలి, ఆ రెండింటి మధ్య తేడా చూడాలి.

ఈ పనిలో నాకు మొదట బుద్ధొచ్చింది నంద్యాల వైపు. నల్లరేగడిలో రెండంతస్తుల ఇల్లు. స్తంభాలకు ఎనిమిది చోట్ల మేకులు దించి, కదలదనుకుని కొలతలకు ఆధారంగా పెట్టుకునే గుర్తును, అదే బెంచ్‌మార్క్‌ను, ఎదురింటి ప్రహరీ మీద పెట్టుకున్నాను. వేసవిలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి లెవెల్ పట్టి ఎత్తులు చూశాను. ఎనిమిదీ 4 మిల్లీమీటర్లు దిగాయి! ఇంటాయన రిటైరైన మాస్టారు. "ఏం సార్, ఖాళీ చెయ్యమంటారా?" అంటే నాకు నోట మాట రాలేదు. ఆ రాత్రి లెవెల్ పుస్తకం ముందేసుకుని కూర్చుంటే అనుమానమొచ్చింది. ఇల్లు కుంగితే ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ దిగుతుంది. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే లెక్కన దిగుతాయా? లోతైన పునాదుల మీద ఇల్లు నిక్షేపంగా ఉంది. వాన తాగి ఉబ్బిన రేగడి, ఆ ప్రహరీని పైకెత్తింది. అప్పట్నుంచి నాకు మూడు బెంచ్‌మార్కులు ఉండాల్సిందే. ఇంటికి దూరంగా, గట్టి నేల తగిలేదాకా దింపిన కడ్డీల మీద.

మిగతాదంతా చాదస్తం. అదే లెవెల్, అదే స్టాఫ్ (కొలబద్ద), నిలబడే చోటూ అదే. వెనక గుర్తు మీది చూపుకూ (బ్యాక్‌సైట్) ముందు గుర్తు మీది చూపుకూ (ఫోర్‌సైట్) దూరం సమానంగా ఉంటే యంత్రం దోషం కొట్టుకుపోతుంది. కోణం, దూరం రెండూ కొలిచే టోటల్ స్టేషన్, దాని ప్రిజంలు వచ్చాక చేయి తేలికైంది గానీ చాదస్తం తగ్గలేదు. తెల్లవారుజామునే కొలుస్తాను. ఎండెక్కితే వేడి తగిలిన వైపు సాగి, గోడే కాస్త వంగుతుంది మరి.

ఈ చాదస్తం నా ఒక్కడిదే కాదు. ఇటలీలో ఒరిగిన పీసా గోపురాన్ని 1911 నుంచి కోణాలు కొలిచే థియోడలైట్‌తో కొలుస్తూ వచ్చారు. ఏడాదికి మిల్లీమీటరు పైచిలుకు ఒరుగుతోందని తేలింది అలాగే. 1990లో సందర్శకులను ఆపేశారు. ఉత్తరం వైపు పునాది కింద మట్టి కొద్దికొద్దిగా తోడి, సుమారు అర డిగ్రీ వెనక్కి తెచ్చి, 2001 డిసెంబరులో తలుపులు తీశారు. ఆ తోడడంలో నాకు నచ్చేది ఒకటుంది: ఇవాళ ఎంత మట్టి తియ్యాలో నిన్నటి కొలత చెప్పేది.

మిత్రుడింటికి వెళ్లాను. బీటకు అడ్డంగా గాజుముక్కను సిమెంటుతో అంటించి, పక్కన పెన్సిలుతో తేదీ రాశాను.

"ఇంతేనా?" అన్నాడు.

"గాజు పగిలితే ఫోన్ చెయ్. లేకపోతే వానలు వెళ్లాక వస్తా."

టీ అయితే ఇచ్చాడు గానీ, నమ్మినట్టు లేడు.