ఆర్ఎన్ఏకు దక్కిన న్యాయం

మన పాఠ్యపుస్తకాలు డీఎన్ఏకు పెద్ద పీట వేస్తాయి. ఆర్ఎన్ఏ వంతు వచ్చేసరికి తేడాల పట్టిక ఒకటి ఇచ్చి సరిపెడతాయి. డీఎన్ఏకు రెండు పోగులు, దీనికి సాధారణంగా ఒకటే. అందులో డీఆక్సీరైబోజ్, ఇందులో రైబోజ్. అక్కడ థైమిన్, ఇక్కడ యురాసిల్. పిల్లలు దాన్ని బట్టీపడతారు, పరీక్ష అయ్యాక మరిచిపోతారు. బత్తలపల్లి ప్రాంతంలో చాలాకాలం జీవశాస్త్రం చెప్పినవాణ్ణి కనుక ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆ తేడాలు ఎందుకున్నాయో చెప్పడానికి ఒక పుస్తకమంతా వెచ్చించిన మా ఊరి అమ్మాయికి ముందుగా నా ఆశీస్సులు.

రైబోజ్‌లో ఒక ఆక్సిజన్ పరమాణువు ఎక్కువ. ఆర్ఎన్ఏ పోగు సులువుగా తెగిపోవడానికి ముఖ్య కారణం అదే. రచయిత్రి దీన్ని బలహీనతగా చూడలేదు. తరతరాలకు అందాల్సిన సమాచారం చెక్కుచెదరకూడదు, అది డీఎన్ఏ బాధ్యత. ఈ పూట కావలసిన ఆదేశం వెళ్లాలి, పని చేయించాలి, చెరిగిపోవాలి. అది మెసెంజర్ ఆర్ఎన్ఏ బాధ్యత. చెరగకపోతే అక్కర తీరాక కూడా కణం అదే ప్రోటీన్‌ను చేస్తూ పోతుంది. త్వరగా నశించడమే దాని బలమని ఇంత తేటగా చెప్పిన తెలుగు పుస్తకం నా కంటబడలేదు.

ప్రోటీన్ తయారీని వివరించడానికి ఆమె ధర్మవరం మగ్గాన్ని ఎంచుకుంది. డిజైను గీసిన గ్రాఫు కాగితం భద్రంగా ఉంటుంది. దాన్నిబట్టి రంధ్రాలు కొట్టిన జాకార్డు అట్టలు మగ్గమెక్కుతాయి, వాటి ప్రకారం పోగులు లేచి చీరలో బుటా పడుతుంది. కేంద్రకంలోని డీఎన్ఏ ఆ కాగితం, దాని నకలుగా బయటికొచ్చే మెసెంజర్ ఆర్ఎన్ఏ ఆ అట్టల వరుస, రైబోజోము మగ్గం. ఆర్ఎన్ఏ మీది అక్షరాలను రైబోజోము మూడేసి చొప్పున చదువుతుంది. అలాంటి మూడక్షరాల సంకేతాలు 64. వాటిలో 61 సంకేతాలు 20 రకాల అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగిలిన 3 ఇక ఆపమంటాయి. ఒక్కో సంకేతానికి తగిన అమైనో ఆమ్లాన్ని ట్రాన్స్‌ఫర్ ఆర్ఎన్ఏ మోసుకొచ్చి అందిస్తుంది. పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా ఆమె దాచలేదు. మగ్గం మీది అట్టలు తాము నేయవు, రైబోజోములో మాత్రం అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి కలిపే పని కూడా ఆర్ఎన్ఏదే. రైబోజోము నిర్మాణాన్ని పరమాణువుల స్థాయిలో చూపినందుకే వెంకట్రామన్ రామకృష్ణన్, థామస్ స్టైట్జ్, అడా యోనాత్‌లకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. పుస్తకానికి గుండెకాయ ఈ అధ్యాయమే.

మా ప్రాంతం వాళ్లు తప్పక చదవాల్సిన అధ్యాయాలు మరో రెండున్నాయి. మొదటిది వేరుశనగ గురించి. 2000లో అనంతపురం జిల్లాలో కాండం కుళ్ళు వైరస్ తెగులు సుమారు 2.25 లక్షల హెక్టార్ల పంటను తాకింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. దానిలో డీఎన్ఏ లేదు, ఉన్నవి మూడు ఆర్ఎన్ఏ ముక్కలు. వేరుశనగ కణంలో చేరి, ఆ కణపు రైబోజోముల చేతనే తన ప్రోటీన్లు చేయించుకుంటుంది. వయ్యారిభామ మొక్కలో ఏ లక్షణమూ చూపకుండా దాగి ఉంటుంది. ఆ మొక్క పుప్పొడి, తామర పురుగుల ద్వారా వైరస్ చేలోకి వస్తుంది. గట్ల మీది వయ్యారిభామను పూతకు రాకముందే పీకేయమని అధికారులు ఎందుకు చెబుతారో రైతుకు ఇక్కడ అర్థమవుతుంది.

రెండోది హెచ్‌ఐవీ గురించి. బత్తలపల్లి ఆర్‌డీటీ ఆసుపత్రి హెచ్‌ఐవీ చికిత్సకు పేరుపొందింది. అక్కడి రోగుల అనుభవం ఆధారంగా అంతర్జాతీయ వైద్య పత్రికల్లో పరిశోధనా వ్యాసాలు వచ్చాయి. ఈ వైరస్ తన ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏను తయారుచేసి, దాన్ని మన కణపు డీఎన్ఏలో కలిపేస్తుంది. ఇలా వెనక్కి రాయగల ఎంజైమును 1970లో హోవార్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా కనుగొన్నారు. టెనోఫోవిర్, లామివుడిన్ మందులు అడ్డుకునేది ఆ ఎంజైమునే. వైరల్ లోడ్ పరీక్ష లెక్కించేది రక్తంలోని వైరస్ ఆర్ఎన్ఏ ప్రతులను. మందులు క్రమం తప్పక వాడి, ఆ లెక్క పరీక్షకు అందనంత తగ్గి నిలకడగా ఉన్నవారి నుంచి లైంగికంగా వైరస్ సోకదు. ఈ ఒక్క వాక్యం తెలియక మన ఊళ్లలో ఎన్ని కాపురాలు నలిగాయో, ఎందరు అయినవాళ్ల మధ్యే వెలివేతకు గురయ్యారో నేను చూశాను. ఆ వాక్యాన్ని తెలుగులో, కారణంతో సహా రాసినందుకు రచయిత్రికి ఈ ప్రాంతం రుణపడి ఉంటుంది.

ఒక సూచన. కోవిడ్ కాలపు మెసెంజర్ ఆర్ఎన్ఏ టీకాలకు, వాటికి దారి వేసి 2023లో నోబెల్ అందుకున్న కాటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్‌ల కృషికి ఈ పుస్తకంలో చోటు తక్కువైంది. మలిముద్రణలో ఆ భాగాన్ని పెంచాలి.

ఉపాధ్యాయ మిత్రులు పాఠానికి ముందు ఈ పుస్తకాన్ని చదవాలి. చదువుకున్న పిల్లలు ఇంట్లో పెద్దలకు వేరుశనగ, హెచ్‌ఐవీ అధ్యాయాలు చదివి వినిపించాలి. ఇలాంటి పుస్తకాన్ని కొని చదవడమే ఈ అమ్మాయి చేత మరో పుస్తకం రాయించే మార్గం.