గరుడోపాఖ్యానము - దాస్యవిచారము

ప్రాచీనప్రపంచమున దాసులు స్వాములపై తిరుగఁబడిన కథ యనఁగానే చదువరులకు స్ఫురించునది రోమకరాజ్యమున స్పార్టకసు నడిపిన యుద్ధము. మన వాఙ్మయమున నట్టి కథ లేదనియు, అది లేకుండుట మనదేశమున దాస్యమే లేదనుటకు గుర్తనియు వాదించువారు గలరు. వారికి మెగస్తనీసు ప్రమాణము. కాని నారదస్మృతి పదునైదువిధముల దాసులను లెక్కించినది. దాసుని భుజముమీఁది నీటికుండను దీసి పగులఁగొట్టి, అక్షతలును పువ్వులును గలిపిన నీటిని తలపైఁ జల్లి, స్వామి ముమ్మాఱు 'అదాసుఁడవు' అని పలుకవలయునని విమోచనవిధిని గూడఁ జెప్పినది. లేని వ్యాధికి మందెవ్వఁడు వ్రాయును?

తిరుగుబాటుకథ మనకును గలదని నా యభిప్రాయము. అది ఆదిపర్వములోని గరుడోపాఖ్యానము. ఆత్మకూరు మొదలుకొని ఆళ్లగడ్డవఱకు నల్లమల పొడవునను గరుడుఁడు పరిచితుఁడు. అహోబిలమున నతఁడు తపస్సు చేసెననియు, అందుచే నది గరుడాద్రి యయ్యెననియు స్థలపురాణము. ఇచ్చటి పురాణశ్రవణములలోను, అంతటను, ఇది మాతృభక్తికథగానే చెప్పఁబడుచున్నది. ఆ యర్థము తప్పుగాదు, చాలదు.

కథను స్మరింపుఁడు. ఉచ్చైశ్శ్రవము తోఁక నలుపో తెలుపో యని కద్రువయు వినతయు పందెము వైచిరి. కద్రువ తన కొడుకుల నాజ్ఞాపించి, పాముచేతఁ దోఁకను నల్లగాఁ గనఁబఱచి గెలిచెను. వినత దాసి యయ్యెను. నారదుని పదునైదుగురిలో 'పణమున గెలువఁబడినవాఁడు' ఒకఁడు. వినత ఆ కోవలోనిది. ఆమె కడుపునఁ బుట్టినందుననే గరుడుఁడును పాములను వీఁపున మోయవలసివచ్చెను. అతఁడు సూర్యమండలము దాఁక నెగయఁగా పాములు వేఁడిమికి మూర్ఛిల్లెను. కద్రువ ఇంద్రుని స్తుతించి వాన గురియించుకొనెను. అపుడు గరుడుఁడు తల్లినడిగిన ప్రశ్నయే ఈ కథకుఁ బ్రాణము: వీరు చెప్పినదెల్ల మనమేల చేయవలెను? పుట్టుదాసుఁడు తన దాస్యమునకుఁ గారణ మడుగుట తిరుగుబాటులో మొదటి యడుగు గాదా?

ఇచ్చట స్పార్టకసును బోల్చి చూడవలయును. క్రీ. పూ. 73లో కాపువాలోని ఖడ్గమల్లుల శాలనుండి డెబ్బదియెనమండుగురు వంటయింటికత్తులతోఁ బాఱిపోయిరని ప్లూటార్కు వ్రాసెను. రెండేండ్లు పోరిరి. తుదకుఁ బట్టువడిన 6,000 మందిని కాపువానుండి రోమువఱకు దారిపొడవునను సిలువ వేసిరని అప్పియను. ప్లూటార్కు స్పార్టకసును మెచ్చుకొనెను. అయినను అతనికిఁ బ్రత్యేకచరిత్రము వ్రాయలేదు. వానిని జంపించిన క్రాసుసు చరిత్రములో నొకభాగముగాఁ జేర్చెను. దాసుఁడు తనలోఁ దాననుకొన్న మాట ఆ గ్రంథములలో మనకు దొరకదు. మన కవి యా మాటను దాసునినోటనే పలికించెను. ఈ విషయమున మనకథదే పైచేయి.

ఇఁకమీఁద నది వెనుకంజ వేయును. మోసమున వచ్చిన దాస్యమని తెలిసియు గరుడుఁడు పాములపైఁ బడఁడు. విడుదలకు వెల యేమని యడుగును. అమృతమని వారు చెప్పిరి. ఎవ్వరును తమకుఁ గీడు చేయకున్నను దేవతలతో యుద్ధము చేసి యమృతము తెచ్చెను. స్వాములను ఒక్కముక్కున జీల్చివేయఁగలవాఁడు స్వర్గముపై దండెత్తుట వింతగాదా? పణమునకుఁ గట్టువడిన ధర్మమే దీనికిఁ గారణము. సభాపర్వమునను ఇదియే కట్టు: ద్రౌపది యడిగిన ప్రశ్నకు సభ యుత్తర మీయలేదు, ధృతరాష్ట్రుని వరమువలననే పాండవులు విడివడిరి. మొదటివరమున ధర్మరాజును విడువుమనుచు, తన కొడుకు దాసపుత్రుఁడని పిలువఁబడరాదని యామె చెప్పిన కారణము గరుడుని ప్రశ్నకుఁ దల్లివైపునుండి వచ్చిన ప్రతిధ్వని.

అయినను వ్యాసుఁడు గరుడుని కోపమును పూర్తిగా నడఁచివేయలేదు. అమృతము నప్పగింపకమునుపే, తల్లికిఁ జేసిన కపటమును దలఁచి, పాములు తన కాహారము గావలెనని గరుడుఁ డింద్రునివలన వరము గొనెను. వెల చెల్లించు మాటతోఁబాటే పగయు నొడంబడికలోఁ జేరినది. దర్భలపై నమృతము నుంచి, స్నానము చేసి రండని పంపుటలోను మాట చెల్లెను, అమృతము దక్కలేదు. కపటమునకుఁ గపటము. ఈ భాగమును హాస్యముగా దాఁటిపోవు పౌరాణికులపై నాకుఁ గినుక గలదు. పాముల నాలుకలు చీలుటలో శిక్షయున్నది.

తుదకు మఱియొకచిక్కు. విష్ణువు గరుడునికి వరములిచ్చి, తానును వరము గొని, వాహనము గమ్మని కోరెను. పాములను మోసిన వీఁపే విష్ణువును మోసెను. మొదటిభారము పుట్టుకతో వచ్చినది. రెండవది యడుగఁగా నొప్పుకొన్నది. వైష్ణవులు 'దాసుఁడు' అను పేరును గౌరవముగా ధరించుట యెప్పుడు మొదలయ్యెనో, ఆ మార్పునకు గరుడకథ యెంతవఱకుఁ దోడ్పడెనో అహోబిలసంప్రదాయ గ్రంథములనుబట్టి వేఱుగా విచారింపఁదగియున్నది.