'అప్రిహెండ్' అను క్రియాపదము: ఫిలిప్పీ 3:12 వ్యాఖ్యానములో ఒక పరిశీలన

అప్రిహెండ్ అను ఆంగ్ల క్రియాపదము మన ప్రసంగపీఠములమీద అంతగా వినబడదు గాని, ప్రసంగము సిద్ధపరచుకొను బల్లయొద్ద తరచుగా ఎదురగును. పాత ఆంగ్ల వ్యాఖ్యానములు చదువువారు దానిని తప్పించుకొనలేరు. నిఘంటువు తెరచినచో మూడు అర్థములు కనబడును: పట్టి బంధించుట, మనస్సుతో గ్రహించుట, రాబోవు కీడును తలంచి భయపడుట. ఏ చోట ఏది తగునో చూడక, కంటికి మొదట కనబడిన దానిని తీసికొనుటవలన కలుగు నష్టము చిన్నది కాదు.

కొంతకాలము క్రితము ఒక విద్యార్థి ఫిలిప్పీ 3:12 మీద వ్రాసిన ప్రసంగమును మాకు చూపెను. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదములో ఈ వచనమున అప్రిహెండ్ రెండుసార్లు వచ్చును. అతడు దానికి 'అర్థము చేసికొనుట' అను భావము తీసికొని మూడు భాగములు కట్టెను: క్రీస్తు మనలను అర్థము చేసికొనెను, మనము క్రీస్తును అర్థము చేసికొనవలెను, అందుకు గ్రంథపఠనము కావలెను. వినుటకు బాగుగనే యున్నది. సంఘములో ఎవరును అభ్యంతరము చెప్పరు. అయితే అది పౌలు చెప్పిన మాట కాదు. విచారమేమనగా, తెలుగు బైబిలు అతని బల్లమీదనే యుండెను. అందులో పట్టబడుట, పట్టుకొనుట అను తేటయైన మాటలే యున్నవి. ఆంగ్లములో ఇంకేదో లోతు ఉండునని తలంచి, తన భాషలోని సరియైన మాటను అతడు ప్రక్కకు నెట్టెను. ఈ బలహీనత అతనొక్కనిది కాదు, మాలోను ఉన్నది.

గ్రీకు మూలములోని క్రియ కతలంబానో. లంబానో అనగా తీసికొనుట, పొందుట. కత అను ఉపసర్గ దానికి బలమిచ్చి, గట్టిగా పట్టుకొనుట అను భావము తెచ్చును. 12, 13 వచనములలో ఈ ధాతువు నాలుగుసార్లు వచ్చును: ఒకసారి ఉపసర్గ లేకుండ, మూడుసార్లు దానితో కూడ. ఇంతకంటె గమనింపవలసినది దానికి ముందున్న దియోకో అను క్రియ. మన అనువాదము దానిని పరుగెత్తుట అని చెప్పినది. తప్పు కాదు గాని, ఇదే అధ్యాయము 6వ వచనములో పౌలు సంఘమును హింసించిన సంగతి చెప్పుటకు వాడినదియు ఇదే క్రియ. దాని మూలభావము తరుముట, వెంటాడుట. విశ్వాసులను వెంటాడి పట్టుకొనుటకు దమస్కునకు బయలుదేరినవాడు దారిలో తానే పట్టబడెను; ఇప్పుడు వెంటాడుచునే యున్నాడు గాని వేరొక దానిని. హింసించుట ఒకచోట, పరుగెత్తుట మరియొకచోట పెట్టిన మన అనువాదములో ఈ ముడి కనబడదు. పైగా ఈ పత్రిక వ్రాయుచున్నవాడు బంధకములలో ఉన్నాడు (1:13). పట్టబడుట అనగా ఏమిటో అతనికి ఎవరును నేర్పనక్కరలేదు. ఇట్టి చోట 'అర్థము చేసికొనుట' అని చెప్పినయెడల, కృప మనుష్యుని పట్టిన సంగతి పోయి, మనుష్యుని తెలివి మిగులును.

యోహాను 1:5 వద్ద పని ఇంత సులభము కాదు. క్రియ అదే, కర్త చీకటి. కింగ్ జేమ్స్ అనువాదకులు కాంప్రిహెండ్ అని వ్రాసిరి. 1881 నాటి సవరణలో అది అప్రిహెండ్‌గా మారెను, జయించుట అను అర్థము అంచున చేరెను. తెలుగులో 'గ్రహింపకుండెను' అని యున్నది. గ్రహించు అను మాటలోను పట్టుకొనుట ఉన్నది; సూర్యగ్రహణము, పాణిగ్రహణము అందుకు సాక్ష్యము. కాని నేటి వినువారి చెవికి ఆ పాత అర్థము చేరదు, చీకటికి తెలివి చాలలేదన్నట్టే వినబడును. యోహాను 12:35లో చీకటి మనుష్యులను పట్టుకొనుట అనినప్పుడు ఇదే క్రియ కనుక, చీకటి వెలుగును పట్టి అణచలేకపోయెననుటకే మేము మొగ్గుదుము. దీనికి తెలుగులో 'పట్టుబడలేదు' అను మాట మేలు. దొంగ పట్టుబడును, విద్యయు పట్టుబడును. రెండు భావములు కలిగిన మాట ఇంటిలోనే యుండగా పొరుగింటికి పోనేల?

అప్రిహెండ్, కాంప్రిహెండ్ అనునవి ఒకే లాటిన్ ధాతువునుండి పుట్టినవి. 1600లో అచ్చయిన 'మచ్ అడో అబౌట్ నథింగ్' నాటకములో షేక్స్పియర్ సృష్టించిన డాగ్‌బెర్రీ అను కావలివాడు ఒకదానికి బదులు మరియొకటి పలికి జనులను నవ్వించును. వేదాంతులకు మాత్రము ఇది నవ్వులాట కాదు. లాటిన్ వుల్గాతలో ఫిలిప్పీ 3:12 వద్ద కాంప్రిహెండ్‌కు మూలమైన క్రియయే యున్నది. దేవుని సంపూర్ణముగా ఎరుగుట సాధ్యమని ఈ వచనము చెప్పుచున్నదా అను ప్రశ్న అందువలన లేచెను. 13వ శతాబ్దములో థామస్ అక్వినాస్ తన సుమ్మా మొదటి భాగము, 12వ ప్రశ్నలో దీనికి జవాబిచ్చెను: కొలిచి తనలో ఇముడ్చుకొనుట ఒకటి, వెంటాడినదానిని చేరి పట్టుకొనుట మరియొకటి, మొదటిది ఏ సృష్టికిని సాధ్యము కాదు, పౌలు చెప్పినది రెండవది. ఆంగ్ల వేదాంత గ్రంథములు దేవుని అప్రిహెండ్ చేయవచ్చును గాని కాంప్రిహెండ్ చేయలేమని చెప్పుట ఈ భేదమును బట్టియే. రెండింటిని 'తెలిసికొనుట' అని అనువదించినయెడల, తెలిసికొనవచ్చును గాని తెలిసికొనలేము అను వింత వాక్యము మిగులును.

భయమను అర్థము ఎక్కువగా అప్రిహెన్షన్, అప్రిహెన్సివ్ అను రూపములలో వచ్చును. శిష్యులు అప్రిహెన్సివ్‌గా ఉండిరని వ్యాఖ్యానములో ఉన్నచో, వారు కలవరపడిరని అర్థము, గ్రహించిరని కాదు. న్యాయస్థానపు భాషలో రెండు భావములును సజీవముగా ఉన్నవి. ఆత్మరక్షణ హక్కును గూర్చిన నియమములలో అప్రిహెన్షన్ అనగా ప్రాణభయము. 2015 నాటి బాలల న్యాయ చట్టము 10వ సెక్షనులో, పోలీసులు బాలుని అదుపులోనికి తీసికొనుటకు అరెస్టు అను మాట మాని అప్రిహెండ్ అని వాడిరి.

ఆ విద్యార్థి తన ప్రసంగమును తిరిగి వ్రాసెను. దమస్కు మార్గము మొదటికి వచ్చెను, అర్థము చేసికొనుట తొలగెను. గ్రంథపఠనమును గూర్చిన భాగమును మాత్రము వదలుటకు అతనికి మనస్సు రాలేదు. మేమును బలవంతపెట్టలేదు.