అడగకుండా తీసిన ఫొటోలో ఆమె కథ ఎవరిది?

మనుషులకు తెలియకుండా వీధిలో తీసిన ఫొటోలను మెచ్చుకునేటప్పుడు అందరూ వాడే మాట ఒకటుంది. "ఎంత సహజంగా ఉందో!" ఆ సహజత్వం ఎవరి చూపులోంచి వచ్చిందని అడిగేవాళ్లు తక్కువ. కథల్లో, సినిమాల్లో స్త్రీని చూసే చూపు గురించి మనం ఎంతో రాసుకున్నాం, పోట్లాడుకున్నాం. వీధి ఫొటో దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఉన్నదున్నట్టు తీసిందే కదా అని ఊరుకుంటున్నాం.

1951లో అమెరికన్ ఫొటోగ్రాఫర్ రూత్ ఆర్కిన్ ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో తీసిన ఫొటోని మీలో చాలామంది చూసే ఉంటారు. ఒక యువతి వీధిలో నడిచి వెళుతుంటుంది. చుట్టూ పదిహేనుమంది దాకా మగవాళ్లు, దాదాపు అందరి కళ్లూ ఆమె మీదే. తర్వాతి తరం దాన్ని వీధి వేధింపులకు సాక్ష్యంగా చదివింది. ఫొటోలో ఉన్న నినాలీ క్రెయిగ్ మాత్రం ఆ అర్థాన్ని ఒప్పుకోలేదు. ఒంటరిగా దేశాలు తిరుగుతున్న ఆడపిల్ల సంతోషం అది, నేను భయపడలేదు అని వృద్ధాప్యంలో కూడా చెబుతూ వచ్చింది. 2018లో చనిపోయింది. పైగా ఆర్కిన్ అడిగితే ఆమె ఆ వీధిలో రెండోసారి నడిచింది. అంటే అది పూర్తిగా అడగకుండా తీసిన ఫొటో కూడా కాదు.

మరి ఎవరి మాట నమ్మాలి? తన మనసులో ఏముందో చెప్పే హక్కు క్రెయిగ్‌దే. అందులో మనం వేలు పెట్టడానికి లేదు. కానీ అంతమంది మగవాళ్లు పట్టపగలు తీరిగ్గా నిలబడి ఉండడం, వాళ్ల మధ్య ఆడమనిషి ఒక్కతే ఉండడం, ఆమె ఆగకుండా నడవడం, ఇవి ఆమె ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఫొటోలో ఉన్నాయి. లెక్కపెట్టి చూపించొచ్చు. ఆమె భయపడిందా లేదా అన్నది మాత్రం ఫొటోలో లేదు. మనం తెచ్చి పెట్టింది.

ఒక ఏడాది నా విద్యార్థి ఒకరు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర విజయవాడ హైవే మీద తీసిన ఫొటోని క్లాసుకి తెచ్చారు. రోడ్డు పక్కన ఖాళీ మామిడి పెట్టె మీద ఒక నడివయసు ఆవిడ కూర్చుంది, చెయ్యి నుదుటికి ఆనించి. కొత్తపేట నుంచి పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలి వచ్చాక ఆ రోడ్డు మీద మామిడి పెట్టెలకేం కొదవ? పిల్లల్ని దాని మీద రాయమన్నాను. తాగుబోతు మొగుడు, పోయిన భూమి, పెళ్లికెదిగిన కూతురు. దాదాపు అన్నీ ఇవే. ఆడపిల్లలు రాసినవీ అంతే. ఆవిడ ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆటో కోసం చూస్తుందేమో, కూలి డబ్బులు లెక్క చూసుకుంటుందేమో అని ఒక్కరికీ తోచలేదు. ఫ్రేములో ఒక మూల టీ కొట్టు ఉంది. అక్కడ బల్లల మీద కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. పెట్టె మీద కూర్చున్నది ఆవిడొక్కతే. అసలు రాయాల్సింది అది. దాన్నీ ఎవరూ రాయలేదు. పేద స్త్రీ అనగానే దుఃఖం రాసెయ్యడం మన సాహిత్యం నేర్పిన అలవాటే.

అదే మండలంలో అనాజ్‌పూర్ దగ్గర రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 1996 నుంచీ అక్కడ వీధుల్ని కట్టి అమ్ముతున్నారు. ఆ వీధుల్లో టీ తాగుతూ నిలబడే పనిలేని మగవాడు ఉండడు, పెట్టె మీద కూర్చునే ఆవిడా ఉండదు. ఫొటోలకు మాత్రం బాగుంటాయి.

రచయిత్రులుగా మనకి ఇక్కడొక చిక్కుంది. బస్టాపులో చూసిన మనిషిని మనమూ అడగకుండానే కథలోకి తెచ్చుకుంటాం. కానీ పేరు మారుస్తాం, ఊరు మారుస్తాం, ఇద్దరు మనుషుల్ని కలిపి ఒకరిని చేస్తాం. కెమెరాకి ఆ వీలు లేదు. ముఖం ముఖంగానే ఉండిపోతుంది. 1936లో కాలిఫోర్నియాలో డొరొతియా లాంజ్ తీసిన "వలస తల్లి" ఫొటో ఆ కాలపు కరువుకే ముఖమైంది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. లాంజ్ పేరే అడగలేదు, ఆ ఫొటో వల్ల నాకు పైసా రాలేదు అని ఆమె అంది. ఆమె చెరోకీ స్త్రీ అన్నది కూడా అప్పటిదాకా ఆ ఫొటో చదివినవాళ్లకి తెలియదు. మన దగ్గర, 2022లో చనిపోయిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లె స్త్రీలను ఏళ్ల తరబడి ప్రేమగా ఫొటోలు తీశారు. ఆయన ప్రేమను నేను శంకించను. నా పేచీ చూసేవాళ్లతో. బతుకమ్మ ఎత్తుకున్న మనిషి కనబడగానే ఆమెను సంస్కృతిగా మార్చేసి, ఆమె పేరేమిటో తెలుసుకోవాలనే అనుకోం.

అర్థం అంటగట్టడం ఎంత దూరం పోగలదో అబ్దుల్లాపూర్‌మెట్‌కు తెలుసు. 2019 నవంబరు 4న అక్కడి తహశీల్దారు విజయారెడ్డిని ఆమె ఆఫీసులోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. ఆమెను కాపాడబోయిన డ్రైవరు గురునాథం కూడా చనిపోయాడు. నిందితుడూ ఆ గాయాలతోనే పోయాడు. భూమి పట్టా తగాదా అన్నారు. ఆ మధ్యాహ్నపు దృశ్యాలు ఫోన్లలో తిరిగాయి. వాటి కింద, లంచగొండికి తగిన శాస్తి అని రాసినవాళ్లున్నారు. దృశ్యంలో ఉన్నది మంట. లంచం దృశ్యంలో లేదు.

చట్టం ఇందులో పెద్దగా సాయపడదు. 2013లో వచ్చిన 354సి సెక్షను, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 77వది, స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు తీసిన చిత్రాల గురించే మాట్లాడుతుంది. వీధిలో కూర్చున్న మనిషికి ఏకాంతం ఉంటుందని అది అనుకోదు. 1892లో హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ జనానా స్టూడియో పెట్టినప్పుడు పరదాలోని స్త్రీల కోసం ఎత్తైన గోడల వెనక, ఒక ఇంగ్లిషు మహిళ చేత ఫొటోలు తీయించారు. ఆ గోడ లోపలికి వచ్చినవాళ్లు ఫొటో కోసమే వచ్చారు, ఎలా కనబడాలో కొంతైనా తామే అనుకుని వచ్చారు. పెట్టె మీద కూర్చున్నావిడకి ఆ మాత్రం అవకాశం కూడా దొరకలేదు.

అలాగని వీధి ఫొటోలు తీయొద్దనను. ఆడవాళ్లు మరీ ఎక్కువ తీయాలి. తీశాక వెళ్లి చూపించి, ఉంచమంటారా అని అడగడానికి అయిదు నిమిషాలు పడుతుంది. కింద ఏం రాయాలంటే, "అబ్దుల్లాపూర్‌మెట్, హైవే పక్క, మామిడి కాలం" అని రాస్తే సరిపోతుంది. "శ్రమైక సౌందర్యం" అని మాత్రం రాయకండి.