ఇండెంచర్ అంటే జీతమేనా?

మా అక్క కూతురు తాండూరులో ఇంటర్ చదువుతోంది. "ఇంగ్లీషు బాగుపడాలంటే ఏం చదవాలె మామా?" అని అడిగితే నేను చదువుకున్నవే పంపించాను. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ల 'ద మేకింగ్ ఆఫ్ ఎ నేషన్'. ఇంజనీరింగ్ రోజుల్లో, తాండూరు నుంచి వికారాబాద్ మీదుగా హైదరాబాద్ పోయే పాసింజర్‌లో, నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన కాయితాలు ఒళ్లో పెట్టుకుని, ఇయర్‌ఫోన్లలో విన్న పాఠాలవి. ఇన్నేళ్లకు ఆమెతో కలిసి మళ్లీ చదివాను. అప్పుడు నేను దాటేసి వెళ్లిన మాటల దగ్గరే ఈసారి ఆగిపోయాను.

ముందు మంచి చెప్పాలి. 1959లో మొదలైన 'స్పెషల్ ఇంగ్లీష్' పద్ధతి చాలా సాదా: దాదాపు 1500 మాటలు, పొట్టి వాక్యాలు, నింపాదిగా చదవడం. ఆ కొలతలోనే అమెరికా చరిత్ర మొత్తం చెప్పుకొచ్చారు. జీఆర్‌ఈ కోసం నేను బట్టీపట్టిన మాటలు పరీక్షయిన వారానికే పోయాయి. 'రిపీల్' మాత్రం పోలేదు. ఆ మాట వినగానే 1765 స్టాంపు చట్టం, జనం తిరగబడటం, మరుసటేడు పార్లమెంటు ఆ చట్టాన్ని రద్దు చేయడం వరుసగా గుర్తొస్తాయి. మాటకు కథ తోడుంటే అది మనల్ని వదలదు. ఏ జాబితా చేయలేని పని ఇది.

అయితే కథతోపాటు కథ చెప్పేవాడి చూపు కూడా మాటకు అంటుకునే వస్తుంది. 'సెట్లర్' పక్కన ఆ రోజుల్లో నేను నోట్‌బుక్‌లో 'స్థిరపడినవాడు' అని రాసుకున్నాను. అదే మాట మన దగ్గర ఎంత వేడి మాటో తెలిసి కూడా! తెలంగాణలో 'సెట్లర్లు' అంటే వెంటనే ఎక్కడినుంచి వచ్చారు, ఎవరి భూమి కొన్నారు అన్న ప్రశ్నలు లేస్తాయి. 1607లో జేమ్స్‌టౌన్‌లో దిగినవాళ్ల గురించి చదువుతున్నప్పుడు ఆ ప్రశ్నలు నాకు రాలేదు. పైగా 'ఇండియన్లు' అని కనబడగానే ఒక క్షణం మనవాళ్లే అనుకుని, కాదని తెలిశాక తేలిగ్గా పేజీ తిప్పేశాను.

ఇది 1500 మాటల ఇరుకు వల్ల వచ్చిన లోపమా? కాదనుకుంటాను. మాటలకు కరువులేని పెద్దలు 1787లో రాసిన అమెరికా రాజ్యాంగంలో 'బానిస' అన్న మాట ఒక్కచోట కూడా లేదు. జనాభా లెక్కలో ఐదింట మూడు వంతులుగా లెక్కించాల్సిన మనుషుల్ని 'ఇతర వ్యక్తులు' అన్నారు. బానిసత్వాన్ని పేరు పెట్టి పిలవడానికి 1865 సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. అంటే తేలిక మాట అమాయకమైన మాట కాదు. భాష నేర్చుకునేవాడికి అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఇదే. మనకు ఎవరూ చెప్పరు.

మా ఇంట్లో ఈ సంగతి పైకి తెచ్చింది 'ఇండెంచర్డ్ సర్వెంట్'. ఓడ చార్జీలు పెట్టుకోలేని ఇంగ్లండు పేదలు నాలుగు నుంచి ఏడేళ్లు పనిచేస్తామని ఒప్పందం మీద వర్జీనియాకు వెళ్లారు. ఇది మేనకోడలికి చెబుతుంటే, కందులు చెరుగుతున్న మా అమ్మ తల ఎత్తకుండానే అంది: "గదేముంది? మీ తాత పటేలింట్ల జీతమున్నట్టే గదా."

నాకు జీతమంటే నెలాఖరున వచ్చే మెసేజ్. మా తాతకు జీతమంటే అప్పు. తాండూరు బండల గనుల్లో మా నాన్నకు కూలి దొరికాకే ఆ ఇంటి నుంచి మావాళ్లు బయటపడ్డారు.

అమ్మ ఇచ్చిన అర్థం ఏ నిఘంటువులోనూ లేనంత దగ్గరగా ఉంది. కానీ సరిగ్గా అదే కాదు. ఇండెంచర్ అన్న మాటకు మూలం 'పన్ను'. ఒకే కాయితం మీద ఒప్పందం రెండుసార్లు రాసి, మధ్యలో పళ్లపళ్లుగా కత్తిరించి, చెరో ముక్క దగ్గర పెట్టుకునేవారు. రెండూ అతికితేనే నిజమైన ఒప్పందం. గడువు తీరాక మొక్కజొన్నలో, బట్టలో ఇచ్చి పంపించే ఆనవాయితీ కూడా ఉండేది. గడువు దాకా బతకనివాళ్లు ఎంతోమంది, అది వేరే సంగతి. మా తాత చేతిలో అట్లాంటి ముక్క ఏదీ లేదు. లెక్కంతా పటేలు పుస్తకంలోనే ఉండేది. 1619లో వర్జీనియా తీరాన దిగిన ఆఫ్రికన్ల విషయానికొస్తే, వాళ్లు ఒప్పుకుని ఎక్కిన ఓడే కాదది.

ఇంగ్లీషు సొంతంగా నేర్చుకునేవాళ్లకు ఆదర్శంగా చూపించే బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఇండెంచర్ కిందివాడే. ఒక పత్రికలో వ్యాసాలు చదివి, ముఖ్యాంశాలు రాసుకుని, కొన్నాళ్లాగి తన మాటల్లో మళ్లీ రాసి మూలంతో పోల్చుకునేవాడు. 12 ఏళ్లకే అన్న ప్రెస్సులో పనికి కట్టుబడ్డాడు. 1723లో పారిపోయాడు. అన్న పైకి పాత ఒప్పందం రద్దు చేసి, చాటుగా కొత్తది రాయించుకున్నాడు. చాటు కాయితాన్ని నలుగురిలో చూపించలేడని తమ్ముడికి తెలుసు! కాయితాన్ని చదవగలగడమే అతని బలం.

మా తాతకు చదువు రాదు. నాకు వచ్చు. అయినా మొదటి ఉద్యోగంలో రెండేళ్ల బాండ్ మీద చదవకుండానే సంతకం పెట్టాను.

అందుకే 'మేకింగ్ ఆఫ్ ఎ నేషన్' చదవమనే చెబుతాను. అంతకన్నా తేలిగ్గా, ఓపిగ్గా చెప్పే పాఠాలు నాకు దొరకలేదు. కాకపోతే ప్రతి కొత్త మాట పక్కన రెండు గడులు గీసుకోవాలి. ఒకదాంట్లో వాళ్లిచ్చిన అర్థం. రెండోదాంట్లో మన ఇంట్లో ఆ మాటకు దగ్గరగా ఏముందో, ఎక్కడ అతకదో. మేనకోడలు 'ఇండెంచర్' పక్కన 'జీతం' అని రాసి, కింద "తాత దగ్గర ముక్క లేదు" అని రాసుకుంది.